ఆరు కొత్త భాగాలు, ఒక పాత దేహం: అవయవ మార్పిడి, ఆయుర్దాయంపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని రోగి తన డెబ్బై ఆరో ఏట చివరిసారి ఆసుపత్రిలో చేరిన రోజున ఆయన దేహంలో పుట్టుకతో రాని, పనిచేసే భాగాలు ఆరు ఉన్నాయి. రెండు కళ్లలోనూ కృత్రిమ కటకాలు, కుడి తుంటిలో లోహపు కీలు, గుండెలో పశువు గుండె పైపొరతో చేసిన కవాటం, ఛాతీ పైభాగంలో చర్మం కింద పేస్‌మేకర్, పొత్తికడుపు ఎడమ పక్కన మరొకరి మూత్రపిండం. ఆ రోజు ఆరూ సవ్యంగానే పనిచేస్తున్నాయి. పదకొండు రోజుల తరువాత ఆయన మరణించారు.

నేను మూత్రపిండ వ్యాధుల వైద్యుడిని. ఆయనను ఇరవై మూడేళ్ల పాటు చూశాను. 2025 సెప్టెంబరు 3న బీజింగ్‌లో సైనిక కవాతు సందర్భంగా రష్యా, చైనా అధ్యక్షులు నడుస్తూ మాట్లాడుకున్న మాటలు మైకులో వినిపించాయి. అవయవాలను మళ్లీమళ్లీ మార్చుకుంటూ పోతే మనిషి చావు లేకుండా ఉండవచ్చునన్నది ఆ సంభాషణలోని సారాంశం. ఆ వారం నుంచి నా దగ్గరికి వచ్చే రోగుల్లో చాలామంది అదే ప్రశ్న అడుగుతున్నారు. సిద్ధాంతంతో జవాబు చెప్పడం కన్నా, ఆ ప్రయోగానికి అందరికన్నా దగ్గరగా వెళ్లిన ఒక మనిషి వైద్య చరిత్రను వరుసగా రాయడం మేలని నాకు తోచింది. కుటుంబ సభ్యుల అనుమతి తీసుకున్నాను. ఆయనను గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో లేవు.

వ్యాధి, మొదటి మార్పిడి

రోగి వృత్తిరీత్యా మెయింటెనెన్స్ ఇంజనీరు. పెద్ద పంపులు, టర్బైన్ల నిర్వహణ ఆయన పని. ఏ యంత్రంలో ఏ భాగం ఎన్ని గంటలు నడిచాక మార్చాలో పుస్తకం చూడకుండా చెప్పగల మనిషి కనుక, తన దేహం గురించి కూడా ఆయన అదే భాషలో మాట్లాడేవారు. తల్లి నుంచి సంక్రమించిన పాలిసిస్టిక్ కిడ్నీ వ్యాధి ఉన్నట్టు ముప్పై ఎనిమిదో ఏట బయటపడింది. ఈ వ్యాధిలో మూత్రపిండాల నిండా నీటి తిత్తులు పుట్టి, ఏళ్ల తరబడి పెరుగుతూ, ఆరోగ్యకరమైన కణజాలాన్ని నలిపివేస్తాయి. యాభై మూడో ఏట రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున డయాలసిస్ మొదలైంది. మూత్రపిండం వారంలోని 168 గంటలూ చేసే పనిని యంత్రం పన్నెండు గంటల్లో చేయవలసి రావడమే డయాలసిస్‌లోని అసలు ఇబ్బంది. ఆయన ఈ లెక్కను మొదటి వారంలోనే స్వయంగా వేసుకుని నాకు చూపించారు.

పద్నాలుగు నెలల నిరీక్షణ తరువాత, బ్రెయిన్ డెడ్ అయిన ఇరవై ఏడేళ్ల దాత నుంచి ఆయనకు మూత్రపిండం లభించింది. రక్తనాళాలు కలిపి క్లాంపులు తీయగానే, బూడిద రంగులో ఉన్న ఆ అవయవం గులాబీ రంగుకు తిరిగి, శస్త్రచికిత్స బల్ల మీదే మూత్రం చుక్కలుగా రావడం మొదలైంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాని దృశ్యం అది. వ్యాధికి కారణమైన జన్యులోపం ఆయన ప్రతి కణంలోనూ ఉన్నా, కొత్త మూత్రపిండం దాత కణాలతో ఏర్పడినది కనుక అందులో తిత్తులు పుట్టవు. అంటే ఒక భాగాన్ని మార్చి ఒక వంశపారంపర్య వ్యాధిని ఆ భాగం మేరకు దేహం నుంచి తీసివేయగలిగాం. మార్పిడి చేయగలిగే మేలుకు ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

రక్తనాళాలను కుట్టే పద్ధతి చాలాకాలం క్రితమే తెలుసు. దాన్ని రూపొందించిన అలెక్సిస్ కారెల్‌కు 1912లోనే నోబెల్ బహుమతి వచ్చింది. అసలు అడ్డంకి కుట్టు కాదు, దేహం పరాయి కణజాలాన్ని గుర్తుపట్టి దాడి చేయడం. అందుకే 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం తొలిసారి విజయవంతంగా మూత్రపిండాన్ని మార్చినప్పుడు దాత, గ్రహీత ఇద్దరూ ఒకే పిండం నుంచి పుట్టిన కవలలు. రోగి మరో ఎనిమిదేళ్లు బతికాడు. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ తొలిసారి మనిషి గుండెను మార్చినప్పుడు కొత్త గుండె బాగానే కొట్టుకుంది. అయితే తిరస్కరణను ఆపడానికి ఇచ్చిన మందుల వల్ల రోగనిరోధక శక్తి పడిపోయి, పద్దెనిమిదో రోజున రోగి న్యుమోనియాతో చనిపోయాడు. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను, ఎందుకంటే దీని నీడ ఈ కేసు చివరిదాకా వస్తుంది.

మందుల మూల్యం

తిరస్కరణను ఆపే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ అనే మూడు మందులతో ఆయన ఇంటికి వెళ్లారు. వీటిలో చివరిది స్టెరాయిడ్. తరువాతి ఆరేడేళ్లు నిజంగా మంచి ఏళ్లు. ఉద్యోగానికి తిరిగి వెళ్లారు, కూతురి చదువు పూర్తి చేయించారు, నా దగ్గరికి మూడు నెలలకోసారి వచ్చి క్రియాటినిన్ (మూత్రపిండం పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.2 ఉన్న కాగితాన్ని పరీక్షలో మార్కుల పట్టీలా బల్ల మీద పెట్టేవారు.

అరవై ఒకటో ఏట రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. స్టెరాయిడ్ దీర్ఘకాలం వాడిన వారిలో ఇవి త్వరగా వస్తాయి. కటకాలు మార్చారు. అరవై మూడో ఏట చెవి అంచున పుండులా కనిపించినది స్క్వామస్ సెల్ క్యాన్సర్ అని తేలింది. రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారిలో ఈ చర్మ క్యాన్సర్ సాధారణ జనాభాలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పుట్టుతున్న క్యాన్సర్ కణాలను పసిగట్టి తుడిచివేసే కాపలానే మనం మందులతో నిద్రపుచ్చుతాం గనుక ఇందులో ఆశ్చర్యం లేదు. అరవై నాలుగో ఏట కుడి తుంటి ఎముక తలకు రక్తప్రసరణ ఆగి అది కుంగిపోయింది. అదీ స్టెరాయిడ్ పుణ్యమే. 1962 ప్రాంతంలో జాన్ చార్న్‌లీ స్థిరపరచిన సూత్రం మీదే నేటికీ నడుస్తున్న కృత్రిమ కీలును అమర్చారు.

ఇక్కడ నేను గమనించినదొకటి ఉంది. ఒక భాగాన్ని మార్చినందుకు మరో మూడు భాగాలు చెడ్డాయి. వాటిలో రెండింటిని మళ్లీ మార్చవలసి వచ్చింది. మార్పిడి మరికొన్ని మార్పిడులను పుట్టించింది.

ఈ మొత్తం కథలో నాకు ఏ ఫిర్యాదూ లేని భాగం కంటి కటకం. రెండో ప్రపంచ యుద్ధంలో విమాన చోదకుల కళ్లలో దిగిన పెర్స్‌పెక్స్ అనే పారదర్శక ప్లాస్టిక్ ముక్కలు కంటిని రెచ్చగొట్టకుండా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడం గమనించిన హెరాల్డ్ రిడ్లీ, 1949లో లండన్‌లో తొలి కృత్రిమ కటకాన్ని అమర్చాడు. కటకానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు, అది ఏ రసాయనాన్నీ తయారుచేయదు, కాంతిని వంచడం ఒక్కటే దాని పని. భాగం చేసే పని ఎంత సరళమో మార్పిడి అంత మన్నుతుంది. కటకం కన్నా కీలు, కీలు కన్నా కవాటం, కవాటం కన్నా మూత్రపిండం తక్కువ మన్నడానికి కారణం తయారీ నాణ్యతలో లేదు, అవి దేహంతో జరపవలసిన సంభాషణ పొడవులో ఉంది.

నలభై ఏళ్ల మూత్రపిండం

అరవై ఆరో ఏట క్రియాటినిన్ మెల్లగా 1.9కి, ఆపై 2.6కి చేరింది. మూత్రంలో ప్రోటీన్ కనిపించింది. బయాప్సీ చేశాం. ఆ స్లైడును పాథాలజిస్టు పక్కన కూర్చుని నేనూ చూశాను. మామూలుగా లేసు అల్లికలా ఒకదానికొకటి ఆనుకుని ఉండవలసిన సూక్ష్మనాళికలు ఎడం ఎడంగా, ముడుచుకుపోయి ఉన్నాయి. వాటి మధ్య ఖాళీల్లో మచ్చ కణజాలం నిండింది. చిన్న ధమనుల గోడల్లో గాజులాంటి గులాబీ పదార్థం పేరుకుని, రక్తం పారే దారి సూదిమొనంత మిగిలింది. అది టాక్రోలిమస్ వర్గపు మందులు దీర్ఘకాలంలో వేసే ముద్ర. కేశనాళికల గోడలు రెండు పొరలుగా చీలి కనిపించడం యాంటీబాడీల దీర్ఘకాలిక దాడికి గుర్తు. దాత వయసు తెలియకుండా ఆ స్లైడును చూస్తే డెబ్బై దాటిన మనిషిదని అనుకుంటాం. దాతకు ఇరవై ఏడేళ్లప్పుడు తీసిన ఆ అవయవం వయసు అప్పటికి నలభై కూడా నిండలేదు.

మృతదాత నుంచి వచ్చిన మూత్రపిండం సగటున పది పన్నెండేళ్లు పనిచేస్తుంది. ఆయనది పదమూడేళ్లు పనిచేసింది. అంటే ఇది వైఫల్యం కాదు, సగటు కన్నా మెరుగైన ఫలితం. యువ దేహం నుంచి వచ్చిన భాగం వృద్ధ దేహాన్ని యవ్వనంలోకి లాగలేదు. వృద్ధ దేహమే, దానికి తోడు మన మందులూ కలిసి, ఆ భాగాన్ని వృద్ధాప్యంలోకి లాగాయి. యయాతి కొడుకు యవ్వనాన్ని అడిగి తీసుకున్నప్పుడు ముసలితనం పూర్తిగా పూరుడికి బదిలీ అయింది గనుక ఆ కథ సాగింది. శస్త్రచికిత్సలో అలాంటి బదిలీ లేదు.

అరవై ఏడో ఏట ఆయన మళ్లీ డయాలసిస్‌కు వచ్చారు. అప్పుడు నేను తీసుకున్న నిర్ణయం ఒకటి ఇప్పటికీ నన్ను వెంటాడుతుంది. పనిచేయని గ్రాఫ్టు (అమర్చిన అవయవం) దేహంలోనే ఉన్నప్పుడు రోగనిరోధక శక్తిని అణచే మందులను ఆపాలా, కొద్ది మోతాదులో కొనసాగించాలా అన్నది తేలని ప్రశ్న. ఆపితే, దేహం ఆ పరాయి కణజాలాన్ని స్వేచ్ఛగా గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేస్తుంది, దానితో తరువాతి దాత దొరకడం కష్టమవుతుంది. కొనసాగిస్తే ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్ల ప్రమాదం కొనసాగుతుంది. చెవి మీది క్యాన్సర్‌ను తలచుకుని నేను ఆపేశాను. ఏడాది తిరిగేలోగా ఆయన రక్తంలోని యాంటీబాడీల స్థాయి 12 శాతం నుంచి 86 శాతానికి పెరిగింది. అంటే నూరుగురు దాతల్లో ఎనభై ఆరుగురి అవయవాన్ని ఆయన దేహం తక్షణం తిరస్కరిస్తుంది. ప్రతి మార్పిడీ దేహానికి ఒక పాఠం నేర్పుతుంది, ఆ పాఠం దేహం మరచిపోదు. స్పేర్ పార్టు ఉపమానం ఇక్కడ పూర్తిగా తెగిపోతుంది. ఏ పంపూ తనలో వేసిన పాత బేరింగును గుర్తుపెట్టుకుని కొత్త బేరింగును బయటికి నెట్టదు.

కవాటం, పేస్‌మేకర్, రెండో మూత్రపిండం

డయాలసిస్ కాలంలో కాల్షియం, ఫాస్ఫేట్ల తూకం తప్పి రక్తనాళాల్లో, కవాటాల్లో సున్నం పేరుకోవడం మామూలే. అరవై తొమ్మిదో ఏట బృహద్ధమని కవాటం బిగుసుకుపోయి, మెట్లు ఎక్కుతూ ఆయన స్పృహ తప్పి పడిపోయారు. 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలెన్ క్రిబియే తొలిసారి చేసి చూపిన పద్ధతిలో, ఛాతీ తెరవకుండా తొడలోని రక్తనాళం గుండా కొత్త కవాటాన్ని పంపి పాతదాని లోపలే విప్పారు. ఆ కవాటం చట్రం గుండెలోని విద్యుత్ మార్గం మీద ఒత్తిడి తేవడం ఈ చికిత్సలో తెలిసిన ప్రమాదం. రెండో రోజున గుండె వేగం 34కి పడిపోయింది, పేస్‌మేకర్ అమర్చారు.

పేస్‌మేకర్ విషయంలో మాత్రం చరిత్ర ఆశావాదుల పక్షానే ఉంది. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లో ఓకే సెనింగ్ అనే సర్జన్, రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు తయారుచేసిన, దేహం లోపల అమర్చే తొలి పేస్‌మేకర్‌ను ఆర్నె లార్సన్‌కు అమర్చాడు. అది కొన్ని గంటలే పనిచేసింది. ఆ తరువాత ఇరవైకి పైగా పరికరాలు మార్చుకుంటూ లార్సన్ 2001 వరకు జీవించాడు. తనకు దాన్ని అమర్చిన సర్జన్, తయారుచేసిన ఇంజనీరు ఇద్దరూ మరణించిన తరువాత కూడా బతికి ఉన్నాడు. భాగాలు మారుస్తూ పోతే మనిషి బతుకుతాడనడానికి ఇంతకన్నా మంచి సాక్షి దొరకడు. అయితే ఆయన ఎనభై ఆరో ఏట క్యాన్సర్‌తో మరణించాడు. గుండె లయ ఆయన ప్రాణం తీయకుండా ఆ పరికరాలు కాపాడాయి, మిగిలిన దేహం మీద వాటికి అధికారం లేదు.

డెబ్బయ్యో ఏట, నూరుకు పద్నాలుగు మంది దాతల్లో ఒకరు దొరికారు. దాత వయసు యాభై ఎనిమిది. కుడి పక్కన మొదటి గ్రాఫ్టు అలాగే ఉంది గనుక రెండోదానికి ఎడమ పక్కన చోటు కావాలి. అందుకోసం తిత్తులతో నిండిన ఆయన సొంత ఎడమ మూత్రపిండాన్ని అంతకుముందే తీసివేశాం. మామూలుగా 150 గ్రాములుండే అవయవం అది, తూచితే రెండు కిలోలకు కొంచెం తక్కువ వచ్చింది. రెండో మార్పిడి సఫలమైంది. నెల తిరిగేసరికి క్రియాటినిన్ 1.4కి వచ్చింది. అప్పుడు ఆయన పొట్టలో మూడు మూత్రపిండాలున్నాయి, పనిచేసేది ఒక్కటే.

ఆయన అడిగిన ప్రశ్న

డెబ్బై మూడో ఏట, మామూలు పరీక్షకు వచ్చినప్పుడు ఆయన అడిగారు. “డాక్టరు గారూ, మా దగ్గర నలభై ఏళ్ల నాటి పంపు ఒకటి ఉండేది. కేసింగు తప్ప అందులో మొదటి రోజు సామాను ఒక్కటీ మిగల్లేదు. అన్నీ మార్చుకుంటూ వచ్చాం, ఇప్పటికీ నడుస్తోంది. మనిషిని అలా నడిపించలేరా?”

“ఆ పంపును ఆపి మార్చేవారా, నడుస్తుండగానే మార్చేవారా?” అని అడిగాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “ఆపే మార్చేవాళ్లం. పైగా అరిగిన షాఫ్టుకు కొత్త బేరింగు వేస్తే ఆర్నెల్లలో అదీ పోయేది,” అన్నారు. తరువాత నేను చెప్పిన వైద్యమంతా ఆ రెండు వాక్యాలకు వ్యాఖ్యానమే. దాన్నే ఇక్కడ కొంచెం విస్తరించి రాస్తున్నాను.

చర్చ

మొదట ఆపడం సంగతి. ఊహకోసం ఒక లెక్క వేద్దాం. ఒక్కో పెద్ద మార్పిడి శస్త్రచికిత్సలో మరణించే అవకాశం 3 శాతం మాత్రమే అనుకుందాం. పదేళ్లకోసారి ఐదు ప్రధాన అవయవాలు మార్చవలసి వస్తే యాభై ఏళ్లలో ఇరవై ఐదు శస్త్రచికిత్సలు. అవన్నీ దాటి బతికి ఉండే అవకాశం 47 శాతం. నూరేళ్లు ఇలా సాగితే 22 శాతం. ఇది ప్రతిసారీ ప్రమాదం అదే 3 శాతంగా నిలిచి ఉంటుందన్న ఉదారమైన అంచనాతో వేసిన లెక్క. వాస్తవంలో వయసుతో పాటు అది పెరుగుతూ పోతుంది, కోసిన చోటే మళ్లీ కోసినప్పుడు ఇంకా పెరుగుతుంది.

రెండోది, అవయవాల లభ్యత. ప్రపంచమంతా కలిపి ఏటా లక్షన్నరకు పైగా అవయవ మార్పిడులు జరుగుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం అది అవసరంలో పదో వంతు కన్నా తక్కువ. ప్రాణం పోతున్నవారికే చాలని అవయవాలు చిరంజీవత్వానికి ఎక్కడివన్న ప్రశ్నకు జన్యుమార్పిడి చేసిన పందుల అవయవాలు ఒక జవాబుగా వస్తున్నాయి. 2022 జనవరిలో అమెరికాలోని మేరీలాండ్‌లో పది జన్యుమార్పులు చేసిన పంది గుండెను అమర్చిన రోగి రెండు నెలలు బతికాడు. 2024 మార్చిలో బోస్టన్‌లో 69 జన్యుమార్పులు చేసిన పంది మూత్రపిండాన్ని తొలిసారి జీవించి ఉన్న రోగికి అమర్చారు. ఈ రంగం వేగంగా కదులుతోంది, డయాలసిస్ మీద ఎదురుచూస్తూ చనిపోయేవారి సంఖ్య తగ్గించడానికి ఇది ఉపయోగపడుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. రోగి సొంత కణాలతోనే అవయవాన్ని పెంచగలిగితే తిరస్కరణ సమస్య కూడా తీరిపోతుంది. కానీ అవన్నీ బేరింగు సమస్యకు పరిష్కారాలు. షాఫ్టు సంగతి వేరు.

షాఫ్టు అంటే ఏమిటి? దేహంలో అవయవాలను ఒకదానితో ఒకటి కలిపే వ్యవస్థ అంతా. తల నుంచి పాదం దాకా పాకిన రక్తనాళాలను విప్పి మార్చే సర్జన్ పుట్టలేదు. రోగనిరోధక కణాలకు శిక్షణనిచ్చే థైమస్ గ్రంథి యుక్తవయసు నుంచే కొవ్వుగా మారుతూ కుంచించుకుపోతుంది. కండరం తగ్గిపోతుంది. 1961లో లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ చూపించినట్టు, ప్రయోగశాలలో పెంచిన మామూలు మానవ కణాలు నలభై నుంచి అరవై సార్లు విభజన చెందాక ఆగిపోతాయి. అంతకుముందు కోడిపిల్ల గుండె కణాలను తాను నిరవధికంగా బతికిస్తున్నానని ప్రకటించి, కణాలకు చావు లేదని లోకాన్ని నమ్మించినవాడు ఆ అలెక్సిస్ కారెలే కావడం చిత్రం. రక్తనాళాలు కుట్టడం నేర్పిన చేయే మనకు ఆ భ్రమనూ ఇచ్చింది.

కొత్త భాగం పాత దేహపు స్వభావాన్ని ఎలా సంతరించుకుంటుందో చెప్పే బలమైన సాక్ష్యం పార్కిన్సన్స్ రోగుల నుంచి వచ్చింది. మెదడులోకి పిండస్థ శిశువుల నాడీకణాలను ఎక్కించుకున్న కొందరు రోగులు పదేళ్లకు పైగా గడిచాక మరణించినప్పుడు పరీక్షిస్తే, ఎక్కించిన ఆ లేత కణాల్లో కూడా పార్కిన్సన్స్‌కు గుర్తయిన లూయీ బాడీలు అనే ప్రోటీన్ ముద్దలు ఏర్పడ్డాయని 2008లో వెల్లడైంది. ఆ కణాలకు అంత వయసు లేదు, వాటి పరిసరాలకు ఉంది. దీనికి ఎదురుదిశలో, 2005లో ముసలి ఎలుకల రక్తప్రసరణను పిల్ల ఎలుకల ప్రసరణతో కలిపినప్పుడు ముసలి కండరం తనను తాను బాగుచేసుకునే శక్తి మెరుగైంది. రెండు ప్రయోగాలూ ఒకే మాట చెబుతున్నాయి. వయసు భాగంలో కన్నా, భాగాల మధ్య ప్రవహించేదానిలో ఎక్కువగా ఉంది.

నా వాదనకు లొంగని అవయవం కాలేయం. దాత దేహంలో గడిపిన ఏళ్లు, గ్రహీత దేహంలో గడిపిన ఏళ్లు కలిపితే నూరేళ్లు దాటి కూడా పనిచేసిన కాలేయాలు అమెరికా నమోదుల్లో ఇరవైకి పైగా ఉన్నాయి. తనను తాను పునర్నిర్మించుకునే శక్తి ఉన్న అవయవం ఒక మనిషి జీవితకాలాన్ని మించి నిలవగలదు. గుండె అలా కాదు. గుండె కండర కణాలు ఇరవై అయిదేళ్ల వయసులో ఏడాదికి ఒక శాతం చొప్పున, డెబ్బై అయిదేళ్లకు అర శాతం కన్నా తక్కువగా కొత్తవి పుడతాయని 2009లో స్వీడన్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అణుపరీక్షల వల్ల 1950లు, 60లలో గాలిలో పెరిగిన కార్బన్-14 కణాల డీఎన్‌ఏలో చేరి తేదీముద్రలా నిలిచిపోయింది గనుక ఆ లెక్క సాధ్యమైంది. అదే పద్ధతిలో చూస్తే మెదడు పైపొరలోని నాడీకణాలు మన వయసంతవి. వాటి స్థానంలో కొత్తవి రావు.

మెదడును మార్చడం గురించి ఎక్కువ రాయను. 1970లో రాబర్ట్ వైట్ ఒక కోతి తలను మరో కోతి మొండేనికి అతికించాడు. అది కళ్లు తిప్పింది, మెడ కింద కదలిక లేకుండా కొద్దికాలమే బతికింది. ఒకవేళ వెన్నుపామును కలపగలిగినా, తల వెంట వచ్చేది పాత మెదడే. మెదడునే మారిస్తే చికిత్స ఎవరికి చేసినట్టని మా రోగి అడిగారు. నాకు జవాబు తోచలేదు.

ఇక సంఖ్యల సంగతి. ముప్పై దాటాక ప్రతి ఎనిమిదేళ్లకు మరణ ప్రమాదం దాదాపు రెట్టింపవుతుంది. 1825లో బెంజమిన్ గోంపెర్ట్జ్ గుర్తించిన ఈ రకమైన పెరుగుదల ఏ ఒక్క అవయవానికీ చెందినది కాదు. అందుకే క్యాన్సర్లన్నింటినీ నిర్మూలించినా సంపన్న దేశాల్లో సగటు ఆయుర్దాయం మూడేళ్లకు అటూ ఇటూగా మాత్రమే పెరుగుతుందని జనాభా శాస్త్రజ్ఞులు లెక్కవేశారు. ఒక తలుపు మూస్తే పక్క తలుపు తెరిచే ఉంటుంది. రుజువైన అత్యధిక వయసు 1997లో మరణించిన జాన్ కాల్మాన్ అనే ఫ్రెంచ్ మహిళది, 122 ఏళ్లు. ఆ తరువాత గడిచిన ఏళ్లలో అవయవ మార్పిడి ఎంతో ముందుకు సాగినా, 120 దాటినట్టు రుజువైన వారు ఇంకొకరు లేరు. అసలు వృద్ధాప్యమే లేకుండా చేసి, ఏడాదికి వెయ్యిలో ఒక వంతు మరణ ప్రమాదం దగ్గర మనిషిని నిలిపివేయగలిగినా సగటు ఆయువు వెయ్యేళ్లు అవుతుంది. అది చాలా పెద్ద సంఖ్యే గాని, “ఎప్పటికీ” కాదు.

చివరి మూడేళ్లు

రెండో మార్పిడి తరువాత మా బృందం ఆయన క్రియాటినిన్‌ను, టాక్రోలిమస్ స్థాయిని, కవాటం పనితీరును, పేస్‌మేకర్‌ను క్రమం తప్పకుండా చూసింది. ఒక్కో భాగానికి ఒక్కో నిపుణుడు, ఒక్కో ఫైలు. ఆయన నడక వేగం తగ్గుతున్న సంగతి ఏ ఫైల్లోనూ లేదు. మొదట గమనించింది కూతురు. “నాన్న ఇప్పుడు సీసా మూత తిప్పలేకపోతున్నారండీ,” అని ఆమె చెప్పినప్పుడు నేను చేతి పట్టు బలం కొలిచాను, ఆయన వయసుకు ఉండవలసిన దానిలో సగానికి కాస్త ఎక్కువ వచ్చింది. రెండేళ్లలో బరువు తొమ్మిది కిలోలు తగ్గింది. ఎంఆర్ఐలో మెదడు లోపలి తెల్ల పదార్థంలో చిన్న రక్తనాళాల వ్యాధి మచ్చలు చెల్లాచెదురుగా కనిపించాయి. టర్బైను గంటల లెక్కలు నోటితో చెప్పిన మనిషి, మాత్రలు వేసుకున్నదీ లేనిదీ మరచిపోవడం మొదలుపెట్టారు.

నా పొరపాటు ఇక్కడ రాయాలి. వయసుతో రోగనిరోధక శక్తి దానంతట అదే సన్నగిల్లుతుంది గనుక డెబ్బై దాటిన వారికి మందుల మోతాదు తగ్గించవచ్చు, తగ్గించాలి. యాంటీబాడీలు 86 శాతం ఉన్న రోగి, ఇంత కష్టపడి దొరికిన మూత్రపిండం, ఇది పోతే మూడోది రాదన్న భయంతో నేను మైకోఫెనోలేట్‌ను పూర్తి మోతాదులోనే రెండేళ్లు అదనంగా కొనసాగించాను. మూత్రపిండాన్ని కాపాడుతున్నాననుకున్నాను, కాపాడాను కూడా. రెండో మార్పిడికి ముందే నడక వేగం, పట్టు బలం కొలిచి ఉంటే శస్త్రచికిత్స మానేవాణ్ని కాను గాని, మోతాదు గురించి మరోలా ఆలోచించేవాణ్ని. ఇప్పుడు అరవై అయిదు దాటిన ప్రతి మార్పిడి రోగికీ ఆ రెండు కొలతలూ ఆరు నెలలకోసారి రాయిస్తున్నాను.

డెబ్బై ఆరో ఏట ఆయన స్నానాల గదిలో జారిపడ్డారు. ఎముక విరగలేదు, లోహపు కీలు కదలలేదు. మూడు రోజులు మంచం మీద ఉండగా జ్వరం, దగ్గు మొదలయ్యాయి. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కనిపించింది. చేరిన రోజున క్రియాటినిన్ 1.4, కవాటం మీద పీడన భేదం మామూలుగా ఉంది, పేస్‌మేకర్ ప్రతి స్పందననూ సరిగ్గా పంపుతోంది. యాంటీబయాటిక్స్‌కు మొదట స్పందించారు. ఐదో రోజున దగ్గి కఫం బయటికి తీసుకురాగల బలం ఛాతీ కండరాలకు లేకపోయింది. వెంటిలేటర్ మీద పెట్టవద్దని ఆయన స్పృహలో ఉన్నప్పుడే చెప్పారు, కూతురు ఆ మాట నిలబెట్టింది. మూత్రపిండం చివరి రెండు రోజుల వరకు మూత్రం పోస్తూనే ఉంది. మరణ కారణంగా న్యుమోనియా అని రాశాను. మార్పిడి నమోదు పత్రంలో ఇలాంటి వాటికి వేరే గడి ఉంటుంది: “పనిచేస్తున్న గ్రాఫ్టుతో మరణం.” అందులో టిక్ పెట్టాను.

దహనం చేసేటట్టయితే పేస్‌మేకర్‌ను ముందే తీసివేయాలి, మంటలో బ్యాటరీ పేలుతుంది. ఆ సాయంత్రం టెక్నీషియన్ చర్మం మీద చిన్న కోత పెట్టి, తీగలు కత్తిరించి, దాన్ని బయటికి తీసి తుడిచి ట్రేలో పెట్టాడు. నియమం ప్రకారం చివరి రీడింగు తీశాడు. బ్యాటరీ మిగిలిన ఆయుష్షు నాలుగేళ్ల రెండు నెలలు చూపించింది.